స్టూడెంట్ యూనియన్ ఎన్నికల్లో నిలబడుతున్నారా? నామినేషన్ నుంచి కౌంటింగ్ దాకా చేయాల్సిన పనులు, వరసగా

క్లాసులు మొదలై నెల తిరిగేసరికి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి నిలబడదామనుకుంటున్నా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పడం నావల్ల కాక ఇదంతా ఒకచోట రాస్తున్నా. రీసెర్చ్ చేసే రోజుల్లో రెండు ప్యానెళ్లకు (అన్ని పోస్టులకూ కలిసి నిలబడే జట్లకు) ప్రచారం నడిపాను, ఒకసారి నేనే నిలబడి ఓడిపోయాను. ఓడినప్పుడు నేర్చుకున్నదే ఇందులో ఎక్కువ.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎన్నికలు దశాబ్దాలుగా జరగడం లేదు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) పద్ధతికి దగ్గరగా ఉంటాయి. ఢిల్లీలో చదువుతున్న మనవాళ్లకు జేఎన్‌యూ, డీయూ (ఢిల్లీ యూనివర్సిటీ) ముచ్చట్లు కూడా అక్కడక్కడా కలిపాను. ఎక్కడైనా సరే, మీ యూనివర్సిటీ ఇచ్చిన ఎన్నికల నోటిఫికేషన్‌దే ఆఖరి మాట. దాన్ని ప్రింట్ తీసి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ రెండుసార్లు చదవండి.

1. ముందు మీకు అర్హత ఉందా?

ఊరంతా పోటీ చేస్తున్నానని చెప్పుకుని, స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) నామినేషన్ పోగొట్టుకున్నవాళ్లను ఏటా చూస్తుంటాం. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో అమలు చేయమంది. ఇప్పుడు చాలాచోట్ల నిబంధనలకు అవే ఆధారం. మీరు చూసుకోవాల్సినవి ఇవి:

- వయసు: డిగ్రీ వాళ్లకు 17 నుంచి 22, పీజీ వాళ్లకు 24–25 దాకా, రీసెర్చ్ వాళ్లకు 28 దాకా. మీ నోటిఫికేషన్‌లో ఏ తేదీ నాటికి లెక్క కడతారో చూడండి.
- హాజరు: 75 శాతం, లేదా మీ యూనివర్సిటీ పెట్టిన పరిమితి, రెండింట్లో ఏది ఎక్కువైతే అది.
- పోటీ చేస్తున్న ఏడాది బ్యాక్‌లాగ్ ఉండకూడదు.
- క్రిమినల్ కేసులో కోర్టు విచారణ గానీ, శిక్ష గానీ, యూనివర్సిటీ తీసుకున్న క్రమశిక్షణ చర్య గానీ ఉండకూడదు.
- రెగ్యులర్, ఫుల్‌టైమ్ విద్యార్థి అయ్యుండాలి.

హాజరు కాగితం చివరి రోజుకు పెట్టుకోకండి. డిపార్ట్‌మెంట్ హెడ్ ఊళ్లో లేకపోతే సంతకం ఎవరు పెడతారన్న ప్రశ్న సరిగ్గా నామినేషన్ రోజు మధ్యాహ్నమే వస్తుంది. లైబ్రరీ ఫైన్, మెస్ బకాయి కూడా ముందే కట్టేయండి. నో డ్యూస్ అడిగితే అప్పటికప్పుడు పరుగెత్తే పని తప్పుతుంది.

2. ఏ పోస్టుకు?

హెచ్‌సీయూలో ఆఫీస్ బేరర్ పోస్టులు ఆరు: ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, జనరల్ సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, కల్చరల్ సెక్రటరీ, స్పోర్ట్స్ సెక్రటరీ. ఇవి కాక స్కూళ్ల (కొన్ని డిపార్ట్‌మెంట్లు కలిసిన విభాగాల) వారీగా కౌన్సిలర్లుంటారు. డీయూలో ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, నాలుగే.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. లింగ్డో నిబంధన ప్రకారం ఆఫీస్ బేరర్ పోస్టుకు పోటీ చేసే అవకాశం ఒక్కసారే, కార్యవర్గ సభ్యుడి పోస్టుకైతే రెండుసార్లు. గెలిచినా ఓడినా ఆ ఒక్క ఛాన్స్ అయిపోయినట్టే. ఫస్టియర్‌లో స్నేహితులు ఎగదోశారని జాయింట్ సెక్రటరీకి వేసేసి, మూడో ఏడు నిజంగా జనంలో పేరొచ్చాక ప్రెసిడెంట్‌కు వేద్దామంటే కుదరక తల పట్టుకున్న కుర్రాళ్లను చూశాను. మొదటిసారి అయితే కౌన్సిలర్‌గా నిలబడండి. తిరగాల్సింది మీ స్కూల్ వరకే కాబట్టి ఎన్నిక ఎలా నడుస్తుందో చేత్తో చేసి నేర్చుకుంటారు.

కల్చరల్, స్పోర్ట్స్ పోస్టులను తేలిగ్గా తీసుకుంటారు గానీ, అవి మనిషిని చూసి వేసే ఓట్లు. నాలుగేళ్లుగా గ్రౌండ్‌లో కనిపించేవాణ్ని, ప్యానెల్ ఎంత పెద్దదైనా, కొత్త ముఖంతో కొట్టడం కష్టం.

3. ఓటర్ల లెక్క రాయండి

పోస్టర్ కంటే, నినాదం కంటే ముందు కావాల్సింది 200 పేజీల నోట్‌బుక్. రూళ్లున్నది తీసుకోండి.

మొదటి పేజీలో గెలవడానికి ఎన్ని ఓట్లు కావాలో రాయండి. ఉదాహరణకు మీ దగ్గర 5,000 మంది ఓటర్లున్నారు, పోయినసారి 72 శాతం ఓట్లేశారు అనుకుందాం. అంటే 3,600. నలుగురు పోటీలో ఉంటే, అందులో ఒకరు నామమాత్రమైతే, 1,300–1,400 దగ్గర గెలుపు తేలుతుంది. ఇప్పుడు మీ లక్ష్యం "అందరినీ కలవడం" కాదు, 1,500 పేర్లు. ఆ పైనున్న వంద, చేస్తానని చెప్పి చేయనివాళ్ల కోసం.

ఆ తర్వాతి పేజీల్లో ఓట్లు ఎక్కడున్నాయో రాసుకోండి: హాస్టల్ వారీగా, స్కూల్ వారీగా, కోర్సు వారీగా. పోయినేడు ఫలితాలు పాత సీనియర్ల దగ్గర దొరుకుతాయి, ఏ పోస్టుకు ఎవరికి ఎన్ని పడ్డాయో, నోటాకు ఎన్ని పోయాయో చూడండి. నోటా ఓట్లు గెలిచిన మెజారిటీ కంటే ఎక్కువున్న పోస్టు కనిపిస్తే ఆగి ఆలోచించండి. అక్కడ ఓటరు ఎవరూ నచ్చక ఊరుకున్నాడు, కొత్తవాళ్లకు చోటుంది.

అందరూ మరిచిపోయే గుంపులు మూడు:

- ఇంటిగ్రేటెడ్ కోర్సుల ఫస్టియర్ పిల్లలు. వచ్చి రెండు నెలలు కూడా కాదు, ఏ సంఘం ఏంటో తెలియదు.
- బయట రూమ్ తీసుకుని ఉండే రీసెర్చ్ స్కాలర్లు, డే స్కాలర్లు. హాస్టల్ ప్రచారంలో వీళ్లు ఎప్పటికీ దొరకరు.
- ల్యాబుల్లో రాత్రి దాకా ఉండేవాళ్లు. లైఫ్ సైన్సెస్, కెమిస్ట్రీ వాళ్లను సాయంత్రం నాలుగున్నర టీ టైమ్‌లో పట్టుకోవాలి, మిగతా టైమ్‌లో వెళ్తే విసుక్కుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

ఇంకో మాట. "మన తెలుగోళ్లంతా మనకే వేస్తారు" అనే లెక్క వేసుకోకండి. అసలు వాళ్లే నాలుగు ప్యానెళ్లలో ఉంటారు. పైగా సెంట్రల్ యూనివర్సిటీ అన్నాక కేరళ, బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలు, ఉత్తరాది పిల్లలు బోలెడంతమంది. కులం లెక్కలు వేసేవాళ్లూ ఉంటారు, లేరని నేను అబద్ధం చెప్పను. కానీ కులం, మతం పేరుతో ఓట్లడగడం నిబంధనలకు విరుద్ధం, ఫిర్యాదు వెళ్తే అభ్యర్థిత్వమే పోతుంది.

4. టీమ్: పదిహేను మంది చాలు, కానీ పని పంచాలి

నామినేషన్ నుంచి ఫలితం దాకా మొత్తం పది రోజుల్లో అయిపోవాలన్నది లింగ్డో నియమం. స్క్రూటినీ, విత్‌డ్రా పోను అసలు ప్రచారానికి మిగిలేది ఐదారు రోజులు. అందుకే టీమ్ పని నోటిఫికేషన్‌కు నెల ముందే మొదలవ్వాలి.

- ఒకరు కాగితాలకు: నామినేషన్, ఖర్చు లెక్కలు, ఎన్నికల కమిటీకి ఉత్తరాలు. ఈ మనిషి ప్రచారానికి రాకూడదు.
- ఒకరు నోట్‌బుక్‌కు. రాత్రి ఎంతైనా ఆ రోజు తిరిగిన గదులన్నీ రాసాకే పడుకోవాలి.
- ఇద్దరు చార్టులు రాయడానికి. చేతిరాత బాగున్నవాళ్లు, అంతే.
- మిగతా అందరూ తిరగడానికి.

లేడీస్ హాస్టళ్లలోకి మగవాళ్లు వెళ్లలేరు. కాబట్టి టీమ్‌లో అమ్మాయిలు సగం దాకా లేకపోతే మీరు సగం ఓట్లు అడగకుండానే ఎన్నికకు వెళ్తున్నట్టు. చివరి నిమిషంలో "చెల్లీ, కొంచెం మీ హాస్టల్‌లో చెప్పవా" అంటే ఎవరు చెప్తారు? ప్యానెల్ వేసేటప్పుడే, మ్యానిఫెస్టో రాసేటప్పుడే వాళ్లుండాలి.

బయటి మనుషులను తేకండి. యూనివర్సిటీ విద్యార్థుల జాబితాలో లేనివాళ్లు ఏ రూపంలోనూ ప్రచారంలో పాల్గొనకూడదు. పాసైపోయిన సీనియర్ అన్న క్యాంపస్‌కొచ్చి మెస్‌లో మైకు లేకుండానే ఉపన్యాసం దంచితే ముచ్చటగానే ఉంటుంది, ఎదుటి ప్యానెల్ ఫోన్‌లో వీడియో కూడా అంతే ముచ్చటగా తీసుకుంటుంది.

5. మ్యానిఫెస్టో: యూనియన్ చేతిలో ఉన్నదే రాయండి

ముందు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటిది: యూనియన్ తనంతట తాను చేయగలిగేది. రెండోది: యూనివర్సిటీతో కూర్చుని సాధించగలిగేది. మూడోది: ఢిల్లీలో తేలాల్సింది.

నాన్-నెట్ ఫెలోషిప్పే (నెట్ పరీక్ష ద్వారా ఫెలోషిప్ రాని రీసెర్చ్ వాళ్లకిచ్చేది) చూడండి. పీహెచ్‌డీ వాళ్లకు నెలకు 8,000 రూపాయలు. దాన్ని పెంచడం యూజీసీ, కేంద్రం చేతిలో పని. "మేమొస్తే 8,000ను 20,000 చేస్తాం" అని రాస్తే రీసెర్చ్ స్కాలర్ మీ మొహం మీదే నవ్వుతాడు. అదే "ఫెలోషిప్ ప్రతి నెలా ఫలానా తేదీలోపు పడేలా ఫైనాన్స్ సెక్షన్‌తో రాతపూర్వకంగా ఒప్పించుకుంటాం, ఆలస్యమైన నెల ఎందుకు ఆలస్యమైందో హాస్టల్ నోటీస్ బోర్డు మీద పెడతాం" అంటే ఆగి వింటాడు. పెంపు కోసం పోరాటం చేస్తామని విడిగా రాయండి, దాన్ని పోరాటమనే రాయండి, హామీ అని రాయకండి.

హామీలు తొమ్మిది మించొద్దు. ప్రతి హామీకీ ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

- ఈ పని ఏ ఆఫీసులో ఎవరి బల్ల మీద తేలుతుంది?
- డబ్బు ఎవరు పెట్టాలి?
- ఎప్పటిలోపు?
- అవ్వకపోతే మేమేం చేస్తాం?

సమస్యలు గదిలో కూర్చుని ఊహించకండి. ఒక రాత్రి పదకొండింటికి నార్త్ క్యాంపస్ నుంచి సౌత్‌కు నడిచి చూడండి, ఎక్కడ లైట్లు లేవో అదే చెబుతుంది. మెస్ బిల్లు నెలనెలా ఎలా మారిందో మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. షటిల్ బస్సు ఎన్ని గంటలకు రావాలి, ఎన్నింటికి వస్తోంది అని వారం రోజులు రాసుకుంటే చాలు, మీ హామీకి ఆధారం దొరికినట్టే. డిబేట్‌లో ఈ లెక్కే మిమ్మల్ని కాపాడుతుంది.

6. నామినేషన్ రోజు

ఊరేగింపు తర్వాత, కాగితం ముందు. పొద్దున్నే ఫారం ఇచ్చేసి, తప్పులుంటే సరిదిద్దుకునే టైమ్ ఉంచుకోండి.

- పేరు ఐడీ కార్డులో ఉన్నట్టే ఉందా? ఇంటిపేరు ముందా వెనకా?
- ప్రపోజర్, సెకండర్ (మీ పేరు ప్రతిపాదించేవాడు, బలపరిచేవాడు) ఇద్దరూ ఓటర్ల జాబితాలో ఉన్నారా? ఇంకొకరి ఫారం మీద సంతకం పెట్టలేదుగా?
- సంతకాలు అసలువేనా? ఫ్రెండ్ ఊరెళ్లాడని వాడి సంతకం మీరు గీకేయడం, వద్దు.
- ఫారం జిరాక్స్ మీద అందినట్టు సంతకం, సమయం వేయించుకున్నారా?
- డమ్మీ అభ్యర్థి (మీ నామినేషన్ చెల్లకపోతే బదులుండేవాడు) ఉన్నాడా? ప్యానెల్‌లో ప్రతి పోస్టుకూ ఇంకొకరితో వేయించి, స్క్రూటినీ అయ్యాక విత్‌డ్రా చేయించండి. ఆ రెండోవాడితో ముందే గట్టిగా మాట్లాడుకోండి, విత్‌డ్రా రోజు ఫోన్ స్విచాఫ్ చేసిన డమ్మీలను చూశాం.

బ్యాలెట్ మీద వరస అక్షరక్రమంలో ఉంటే పై పేరుకు కొంచెం లాభమని అందరి నమ్మకం. డీయూలో అందుకే కొందరు పేరు ముందు అదనంగా 'ఏ'లు తగిలించుకుంటారు. మీరా పని చేయక్కర్లేదు. మీ వరస నంబరు ఎంతో తెలిసిన రోజు నుంచి ప్రతి మాటలో ఆ నంబరు చెప్పండి, చాలు.

7. పోస్టర్లు, డబ్బు

ఖర్చు పరిమితి ఒక్కో అభ్యర్థికి 5,000. అచ్చు పోస్టర్లు, అచ్చు కరపత్రాలు నిషిద్ధం. చేత్తో రాసినవే, అదీ అనుమతించిన చోట్లలోనే అంటించాలి. చేత్తో రాసిన కరపత్రాన్ని జిరాక్స్ తీయొచ్చా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మీ ఎన్నికల కమిటీని రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. మైకులు, ప్రచారానికి వాహనాలు కుదరవు. పార్టీల దగ్గర డబ్బు తీసుకోకూడదు, విద్యార్థులు ఇష్టంగా ఇచ్చే చందాలే.

5,000లో ఒక నమూనా (ధరలు మీ దగ్గర కాస్త అటూ ఇటూ):

- చార్టులు 60 × 10 = 600
- పర్మనెంట్ మార్కర్లు 12 × 30 = 360
- మైదా (జిగురుకు), బ్రష్షులు, బకెట్ = 200
- బ్యానర్ గుడ్డ, రంగులు = 550
- టీములో వాళ్లకు టీ, టిఫిన్ = 1,500
- చేతిలో = 1,790

పర్మనెంట్ మార్కర్లని ఊరికే రాయలేదు. ఒక ఏడాది మేం డబ్బు మిగులుద్దామని మామూలు స్కెచ్ పెన్నులతో నలభై చార్టులు రాశాం. రాత్రి రెండింటి దాకా అంటించి పడుకున్నాం. తెల్లవారుజామున సెప్టెంబరు వాన. లేచి చూస్తే మా అభ్యర్థి పేరు నీలం చారలుగా గోడ మీంచి కారుతోంది, కింద గచ్చు మీద చిన్న మడుగు, అందులో ఒక కుక్క కాలు పెట్టి నడిచినట్టు నీలం అడుగులు కారిడార్ చివరిదాకా. జనం ఆ రోజంతా మా గుర్తు కుక్కపాదమా అని అడిగారు. ఓట్లయితే రాలలేదు.

మైదాను నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, చిన్న మంట మీద చిక్కబడేదాకా తిప్పి, చల్లారాక వాడండి. చార్టు వెనక అంచులకే కాదు, మధ్యలో కూడా జిగురు పూయండి, లేకపోతే గాలికి లేచిపోతుంది. ఒక్కో చార్టులో పేరు, పోస్టు, బ్యాలెట్ నంబరు, ఒకే ఒక్క మాట. పది వాక్యాలు రాసిన చార్టును రాసినవాడు తప్ప ఎవరూ చదవరు.

అడ్డదిడ్డంగా గోడలు పాడు చేస్తే ఏమవుతుందో డీయూ వాళ్లనడగండి. 2024 సెప్టెంబరు 27న పోలింగ్ జరిగితే, గోడలన్నీ శుభ్రం చేసేదాకా లెక్కింపు వద్దని ఢిల్లీ హైకోర్టు ఆపింది. ఫలితాలు నవంబరు 25కు గానీ రాలేదు.

8. రూమ్ టు రూమ్: గెలుపు ఇక్కడే

మిగతా అన్నీ తప్పు చేసినా ఇది సరిగ్గా చేస్తే గట్టెక్కొచ్చు. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

ముందు లెక్క. హాస్టల్‌లో 250 గదులు, గదికి నాలుగు నిమిషాలు, మొత్తం వెయ్యి నిమిషాలు, అంటే దాదాపు 17 గంటలు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా మూడు జట్లు తిరిగితే రోజుకు తొమ్మిది గంటల పని. హాస్టల్‌కు రెండు రాత్రులు. మీకున్నది ఐదారు రాత్రులు. అభ్యర్థి ప్రతి గదికీ వెళ్లలేడని ఇప్పుడే అర్థమవ్వాలి. అందుకే కిందటి నెలలో, నోటిఫికేషన్ రాకముందే, ఓట్లడగకుండా ఊరికే పలకరించి రావాలి. "మెస్ సంగతులు రాసుకుంటున్నాం అన్నా" అంటే ఎవరూ కాదనరు.

జట్టుకు ఇద్దరే. ఎనిమిది మంది గుమిగూడి తలుపు కొడితే లోపలివాడికి పోలీసులొచ్చినట్టుంటుంది. వాడు బనీనుతో, ఒక చేతిలో నూడుల్స్ గిన్నె, ఇంకో చేత్తో లుంగీ సర్దుకుంటూ తలుపు తీస్తాడు. ఆ మనిషికి మీ సిద్ధాంతం అక్కర్లేదు. మా జట్లకు నేర్పిన పద్ధతి ఇది:

"అన్నా, రెండు నిమిషాలుందా? నేను ఫలానా, ఎకనామిక్స్ సెకండియర్. జనరల్ సెక్రటరీకి నిలబడుతున్నా, బ్యాలెట్‌లో మూడో నంబర్. మీ వింగ్‌లో ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నదేంటి?"

ఇక నోరు మూసుకోవాలి. ఇదే కష్టం. "నీళ్లు" అంటాడు. "ఎన్నింటికి ఆగిపోతున్నాయన్నా?" అని అడగండి. వాడు చెప్తుంటే రెండోవాడు నోట్‌బుక్‌లో రాయాలి, వాడు చూస్తుండగానే రాయాలి. ఆఖర్న ఒకే ప్రశ్న: "మాకు వేస్తావా అన్నా, లేక ఇంకా ఆలోచించుకుంటున్నావా?" సిగ్గుపడకుండా అడగండి. అడగని ఓటు లెక్కకు రాదు.

బయటికొచ్చాక గది నంబరు పక్కన ఒక గుర్తు:

- టిక్కు: వేస్తానన్నాడు.
- ప్రశ్నార్థకం: ఆలోచిస్తున్నాడు.
- ఇంటూ: వేరేవాళ్లకు. మళ్లీ వెళ్లొద్దు, వాదన అసలే వద్దు.
- తాళం: గదిలో లేడు.
- 'మ': మళ్లీ రమ్మన్నాడు, లేదా ఏదో కనుక్కుని చెప్తామన్నాం.

"చూద్దాం బ్రో, ఆల్ ది బెస్ట్" అంటే అది టిక్కు కాదు. చాలా టీములు అక్కడే మోసపోతాయి. మర్యాదకు ఎవరైనా ఆల్ ది బెస్ట్ చెప్తారు, మీ తర్వాత వచ్చిన ప్యానెల్‌కూ అదే చెప్తారు.

ఇక నా సంగతి. నేను 41 ఓట్ల తేడాతో ఓడిపోయాను. ఫలితం వచ్చిన రాత్రి నిద్ర పట్టక నోట్‌బుక్ తిరగేశాను. 'మ' అని రాసుకుని మళ్లీ వెళ్లని గదులు అరవై మూడు. చివరి రెండు రాత్రులూ డప్పులతో ఊరేగింపు బాగా జరిగిందని మురిసిపోయి, ఆ గదులు వదిలేశాం. ఆ ఊరేగింపులో నడిచినవాళ్లంతా ఎలాగూ మాకు వేసేవాళ్లే.

కాబట్టి చివరి రెండు రాత్రులు కొత్త గదులకు వెళ్లకండి. 'మ', ప్రశ్నార్థకం, తాళం, ఈ వరసలోనే.

భాష గురించి: జట్టులో ఒకరికైనా హిందీ, ఇంగ్లీష్ బాగా రావాలి. మలయాళం పిల్లలున్న వింగ్‌కు మలయాళం వచ్చిన స్నేహితుణ్ని తీసుకెళ్తే నాలుగు నిమిషాల పని రెండు నిమిషాల్లో అవుతుంది. రాత్రి పదకొండు దాటాక, పరీక్షలున్న రోజుల్లో తలుపులు కొట్టకండి. తలుపు మీద "డోంట్ డిస్టర్బ్" ఉంటే తాళం గుర్తు వేసి ముందుకెళ్లండి.

9. మెస్‌లో, క్లాసులో మాట్లాడటం

మెస్‌లో మీకు మూడు నిమిషాలు. కంచాల చప్పుడు, టీవీ, కూర బాలేదన్న గొడవ, వీటన్నిటి మీదుగా మీ గొంతు వినపడాలి. ఎనిమిదింపావుకు, సగం మంది కూర్చున్నాక లేవండి. బాగా ముందే మాట్లాడితే జనం ఉండరు, తొమ్మిది దాటితే చేతులు కడుక్కునే హడావిడి.

మొదటి వాక్యంలో పేరు, పోస్టు, నంబరు. రెండోది ఆ మెస్‌కే సంబంధించిన ఒక విషయం. మూడోది మీరేం చేస్తారు. ఆఖర్న మళ్లీ నంబరు. అంతే, కూర్చోండి. దేశ పరిస్థితి మీద మాట్లాడాలంటే దానికి వేరే సభ పెట్టుకోండి. మెస్ వర్కర్లకు ముందే చెప్పి మొదలుపెట్టండి, వాళ్ల పనికి అడ్డం రాకండి, వాళ్ల ముందు తిండిని తిట్టకండి.

క్లాసులోకి టీచర్ అనుమతి లేకుండా వెళ్లొద్దు. పాఠం అయ్యాక రెండు నిమిషాలు అడగండి. కాదంటే థాంక్స్ చెప్పి బయట నిలబడండి, ఎలాగూ అందరూ అదే గుమ్మంలోంచి వస్తారు.

10. డిబేట్

జేఎన్‌యూ ప్రెసిడెన్షియల్ డిబేట్ లాంటిది మీ దగ్గరుంటే, అదొక్కటే ప్రత్యేకంగా సాధన చేయాల్సిన సంగతి. ఉపన్యాసం బట్టీ కొట్టకండి. ఐదు అంశాలు చిన్న చీటీ మీద రాసుకోండి. టీములో కాస్త నోరున్నవాళ్లను ముగ్గుర్ని కూర్చోబెట్టి, మీరు వినడానికి ఇష్టపడని ప్రశ్నలే గంటసేపు అడిగించుకోండి: పోయినేడు మీ సంఘం గెలిచి ఏం చేసింది, మీ ప్యానెల్‌లో అమ్మాయిలు ఏ పోస్టుల్లో ఉన్నారు, ఫలానా గొడవప్పుడు మీరెక్కడున్నారు.

తెలియని ప్రశ్నకు "దీని మీద నా దగ్గర వివరాలు లేవు, రేపు సాయంత్రం లోపు నోటీస్ బోర్డు మీద జవాబు పెడతా" అని చెప్పి, నిజంగా పెట్టండి. ఎదుటివాళ్ల వ్యక్తిగత జీవితం జోలికి వెళ్లకండి. అది నిబంధన కూడా.

11. వాట్సాప్, ఇన్‌స్టా

తక్కువ చాలు. రోజుకు ఒక వీడియో, నిమిషం లోపు. డిపార్ట్‌మెంట్ గ్రూపుల్లో రోజుకు నాలుగు ఫార్వర్డ్‌లు పెడితే మ్యూట్ చేస్తారు, ఆ కోపం ఓటు రోజు దాకా ఉంటుంది. మీ మీద పుకారొస్తే గ్రూపులో వంద మెసేజీల యుద్ధం చేయకండి. ఒక్క మెసేజ్‌లో వాస్తవం పెట్టి, ఆ రాత్రి ఆ డిపార్ట్‌మెంట్ పిల్లలున్న గదులకు మనిషిని పంపండి.

12. ఆఖరి 24 గంటలు, పోలింగ్ రోజు

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 24 గంటలు సభలు పెట్టకూడదు. ఈ టైమ్ టిక్కు పేర్ల కోసం.

ముందు రోజు చూసుకోవాల్సినవి:

- టిక్కు పేర్లు విడగొట్టి టీములో ఒక్కొక్కరికి ఇచ్చారా?
- ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఎవరు? వాళ్లకు బదులు కాగితం ఎక్కడిస్తారో చెప్పారా? ఓట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే.
- ఏ స్కూల్ వాళ్లు ఏ బూత్‌లో వేయాలో అందరికీ తెలుసా?
- ఏజెంట్ల పాసులు చేతికొచ్చాయా? వాళ్ల భోజనం సంగతి?

పోలింగ్ రోజు ఓటర్లకు టిఫిన్లు పెట్టడం, వాహనాల్లో తీసుకురావడం లాంటి తెలివి చూపించకండి. స్లిప్పులిస్తే తెల్ల కాగితం మీద, గుర్తు గానీ అభ్యర్థి పేరు గానీ లేకుండా ఇవ్వాలి. మధ్యాహ్నం పన్నెండింటికి, రెండింటికి ఎవరు వేశారో లిస్టులో కొట్టేస్తూ, మిగిలినవాళ్లకు ఫోన్ చేయండి. ఒక్కసారే. రాత్రంతా ల్యాబ్‌లో ఉండి పడుకున్న స్కాలర్‌ను మూడుసార్లు లేపితే లేచి వచ్చి పక్కవాడికి వేసి పోతాడు.

13. కౌంటింగ్, ఆ తర్వాత

కౌంటింగ్‌కు మీలో అందరికంటే నెమ్మదైన మనిషిని పంపండి, కోపిష్టిని కాదు. బ్యాలెట్ పేపరైతే చెల్లని ఓట్ల కట్టను ప్రత్యేకంగా చూడాలి, అనుమానమున్న ప్రతి కాగితం దగ్గరా అప్పుడే అడగాలి. తేడా తక్కువుంటే ఫలితం ప్రకటించక ముందే రీకౌంటింగ్ కోరుతూ రాతపూర్వకంగా ఇవ్వండి. ఖాళీ కాగితం, పెన్ను మనిషి జేబులోనే ఉండాలి. ఫిర్యాదుంటే యూనివర్సిటీలో ఎన్నికల ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కు, ఫలితం వచ్చిన మూడు వారాల్లోపు.

గెలిచినా ఓడినా మిగిలిన పనులు:

- 48 గంటల్లో పోలింగ్ జరిగిన చోటు శుభ్రం. ఇది అభ్యర్థులందరి ఉమ్మడి బాధ్యత. మీ చార్టులు ఎక్కడెక్కడ అంటించారో అంటించినవాళ్లకే తెలుసు, వాళ్లతోనే తీయించండి. మైదా జిగురుకు తడి గుడ్డ అరగంట ఆన్చి ఉంచితే గోడ సున్నం ఊడకుండా వస్తుంది.
- రెండు వారాల్లో ఖర్చు లెక్కలు. ఈ గడువు దాటితే గెలిచినవాళ్ల పదవికే ఎసరు. చార్టుల షాపు బిల్లు దగ్గర్నుంచి అన్నీ ఒక కవర్లో వేసుకుంటూ రావాలి.
- 'మ' గుర్తున్న గదులకు ఇచ్చిన మాట. నీళ్ల సంగతి కనుక్కుంటామని చెప్పినవాడికి కనుక్కుని చెప్పండి, ఓడినా సరే.

నోట్‌బుక్‌ను పారేయకండి, వచ్చే ఏడాది మీ వాళ్లలోంచి కౌన్సిలర్‌కు నిలబడే జూనియర్‌కు ఇవ్వండి. ఎవరెవరికి వేస్తామన్నారో, ఫోన్ నంబర్లేంటో రాసిన పేజీలు మాత్రం ముందే చింపేసి, హాస్టల్ వారీ లెక్కల పేజీలే ఉంచి ఇవ్వండి.